నీ ముక్కు గురించి కాస్త వివరంగా

చిత్తూరు

రేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది, సైనస్ బాధ మళ్లీ మొదలైందని. "నా ఒంట్లో రోగనిరోధక శక్తే లేదురా, అందుకే ఊరికే పట్టుకుంటోంది" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో ఇంకో సంగతి ఎత్తుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

శక్తి లేక కాదురా. నీ ముక్కు అక్కర్లేని చోట కూడా పోరాడుతోంది. దుమ్ములో పురుగులు, బూజు, వయ్యారిభామ పుప్పొడి, వీటిని అలర్జీ ఉన్న ఒళ్లు శత్రువులనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు సిద్ధం చేసి పెట్టుకుంటుంది. అవి మళ్లీ తగిలితే చాలు, హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తుమ్ములు, నీళ్లు, ముక్కు లోపలి పొర వాపు అన్నీ అక్కడి నుంచే. అటక మీద గోనెసంచులు దులిపితే నీ కళ్లు ఎలా ఎర్రబడతాయో నాకు తెలుసు కదా!

ఇప్పుడు అసలు సంగతి విను. బుగ్గ ఎముక లోపల సైనస్ అనే ఖాళీ గది ఉంటుంది, దానికి బయటికి దారి అడుగున లేదు, పైభాగంలో ఉంది. అంటే మనం నిలబడి ఉంటే అందులోని చీమిడి దానంతటది కారిపోదు. లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. బిందెలు చేతులు మార్చినట్టు, చీమిడిని అదే పైకి తోసుకుంటూ పోయి రంధ్రం దాటిస్తుంది. ఆ రంధ్రం కొన్ని మిల్లీమీటర్లే. అలర్జీతో పొర ఉబ్బిందంటే అది మూసుకుంటుంది, లోపల నిలిచిపోయిన దాంట్లో క్రిములు పెరుగుతాయి. వంగితే బుగ్గ బరువెక్కేది అందుకే. పైదవడ పళ్లు లాగేది కూడా, వాటి వేళ్లు ఆ సైనస్ అడుగుకు ఆనుకునే ఉంటాయి కాబట్టి.

ఇక వారసత్వం. మీ నాయనకు ఆయాసం, మీ అక్కకు తెల్లారితే తుమ్ములు. అలర్జీ ఇళ్లలో ఇలాగే నడుస్తుంది. ఒక్క జన్యువు వల్ల కాదు, చాలా కలిస్తే వచ్చే గుణం అది. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. 1931లో డ్యూపాంట్ కంపెనీలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పీటీసీ అనే పొడి పోస్తుంటే అది గాల్లోకి లేచింది. పక్కనున్నాయన చేదు చేదు అన్నాడు, ఈయనకు ఏ రుచీ తెలియలేదు. ఆ తేడాకు కారణం టీఏఎస్2ఆర్38 అనే జన్యువని తర్వాత తేలింది. ఆ చేదును పట్టే గ్రాహకం నాలుక మీదే కాదు, ముక్కులోనూ ఉందని 2012లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నోమ్ కోహెన్ బృందం చూపించింది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా వదిలే రసాయనాలను అది పసిగట్టగానే ముక్కులోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతాయి. దాంతో క్రిములు చస్తాయి, నూగు కదలికా వేగమవుతుంది. ఆ చేదు తెలియని రకం జన్యువు ఉన్నవాళ్లలో ఈ స్పందన మందం. కాకరకాయ తిని పరీక్ష పెట్టుకోవద్దు, దాని చేదును పట్టే గ్రాహకాలు వేరు.

ఒకే జలుబు నాకు వారంలో తగ్గి, నీకు ముదిరేది ఇలాంటి తేడాల వల్లే కావచ్చు. ఇందులో నీ తప్పు ఏముంది?

కానీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం మాత్రం ఆపరా. జలుబుతో వచ్చే సైనస్ బాధ చాలా వరకు వైరస్‌దే, దాని మీద ఆ మాత్ర పనిచేయదు. పది రోజులు దాటినా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరితేనో బ్యాక్టీరియా అని డాక్టర్లు అనుమానిస్తారు. కన్ను వాచినా, చూపు మసకబారినా ఆ గంటే ఆస్పత్రికి పో. నీకు మాటిమాటికీ వస్తుంది కాబట్టి అలర్జీకే మందు పడాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే డాక్టర్ రాస్తే రెండు రోజులకే పనిచేయలేదని పక్కన పడేయకు, దానికి టైం పడుతుంది. ఉప్పునీళ్లతో ముక్కు కడిగేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్లే వాడు. రేణిగుంట రోడ్డులో బండి మీద పోయేటప్పుడు మాస్కు మర్చిపోవద్దు.

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నా. ఇద్దరం తిరుపతి రుయా ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఓపీకి పోదాం. ఇంతవరకు వాడిన మాత్రల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టుకో, మీ నాయన ఆయాసం సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలి. అమ్మను అడిగానని చెప్పు.

నీ
రమణ