నల్లమల నడకదారికి చెంచులే దారి చూపాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి శ్రీశైలం దాకా నల్లమలలో కాలినడకన వెళ్లొచ్చాం. నేను, మా బావమరిది, వాళ్లబ్బాయి. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు. నాకు ఈ దారి రెండోసారి. పన్నెండేళ్ల కిందట మొదటిసారి వెళ్లినప్పుడు జనంలో పడి నడిచాను, ముందు నడిచేవాళ్ల మడమలు తప్ప ఏమీ చూడలేదు. పెచ్చెరువు దాటాక నీళ్లు అయిపోయాయి, మళ్లీ ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లు లేరు, ఒక బండమీద కూలబడి ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

ఈసారి మా బావమరిది తనకు తెలిసిన ఒక చెంచు యువకుణ్ణి మాట్లాడి మాతో తీసుకొచ్చాడు. అదే దారి, అవే రాళ్లు, కానీ నేను వేరే అడవిలో నడిచినట్టు అనిపించింది. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ఆత్మకూరు వైపు మిరప, శనగ చేలు చూసుకుంటూ బయల్దేరితే కాసేపటికే ఊరి వాసన పోతుంది. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటాక అరిగిపోయిన రాతిమెట్లు మొదలవుతాయి. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చిన్నప్పుడు చదువుకున్నాం, ఈ దారి మెట్లు కూడా రెడ్డిరాజుల కాలానివే అని ఇక్కడివాళ్లు చెప్తారు. మెట్లు ఎక్కి పైకి వస్తే చదును నేల, నల్లమద్ది, ఏపి, వెదురు, నడుము ఎత్తు ఎండిన బోదగడ్డి. ఆకు రాలిన కొమ్మల మీద కొండగోగు పసుపు పూలు, పక్కనే ఎర్రగా మోదుగ. ఒక మద్దిచెట్టు దగ్గర ఆ చెంచు యువకుడు ఆగి బెరడు మీద గీతలు చూపించాడు. ఎలుగుబంటి తేనె కోసం ఎక్కిన గోళ్ల గుర్తులు, ఒక్కోటి నా వేలు పట్టేంత లోతు. నాకు గుండె ఝల్లుమంది. అతను మాత్రం ఒక గీతలోకి వేలు పెట్టి, "ఇది పాతది సామీ, సాలీడు గూడు కట్టింది చూడండి" అన్నాడు. ఆ చెట్టు పక్కనుంచి మొదటిసారి కూడా నేను నడిచే ఉంటాను.

అంతకంటే ముఖ్యమైన సంగతి, మమ్మల్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ తొందరపెట్టాలో అతనికి తెలుసు. పొద్దు నెత్తిమీదికి రాకముందే ఎండదారి దాటించాడు, భీమునికొలను లోయలోకి దిగేముందు అరగంట కూర్చోబెట్టాడు. దిగడం తేలికే, అవతల కైలాసద్వారానికి ఎక్కే మెట్లే మనిషిని పరీక్షిస్తాయి. అక్కడ బాగల్‌కోట్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఒక్కో మెట్టు మీద చెయ్యి ఆనిస్తూ ఎక్కుతోంది. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని ఆ కన్నడ యాత్రికులు ఏటా వస్తారు కదా. మా చెంచు అబ్బాయి "నీరు ఇల్లిదె అవ్వా" (నీళ్లు ఇక్కడున్నాయి అవ్వా) అని ఆమెకు కన్నడంలో చెప్పి బాటిల్ అందించాడు. ఏటా ఆ యాత్రికులను చూసి చూసి నేర్చుకున్నాడట.

నేను అడిగేది ఒక్కటే. ఈ దారిలో చెంచు యువకులను అధికారికంగా గైడ్లుగా పెట్టండి. శివరాత్రికి, ఉగాదికి దారి తెరిచినప్పుడు ప్రతి గుంపుకూ ఒకరిద్దరు ఉండాలి. వానలు తగ్గాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదిమందికి మించని చిన్న బ్యాచ్‌లను, ముందే పేర్లు రాసుకుని, రెండు రోజుల నడకకు పంపాలి. రుసుము నేరుగా చెంచు గూడేలకు చేరాలి.

పులులు తిరిగే అడవిలో ఇదేం కోరిక అని కొందరు అంటారు, ఆ భయం న్యాయమైనదే. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న అడవి ఇది, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్. అందుకే ఏ భాగంలో, వారానికి ఎన్ని బ్యాచ్‌లు అన్నది అటవీశాఖే తేల్చాలి, కుదరదన్న చోట కుదరదనాలి. కానీ కేరళలోని పెరియార్ టైగర్ రిజర్వ్‌లో ఒకప్పుడు వేటాడిన, దొంగతనంగా బెరడు కొట్టిన మనుషులే ఇవాళ చిన్న చిన్న గుంపులను వెంటబెట్టుకుని అడవిలో నడిపిస్తున్నారు, వాళ్లవల్ల అడవికి కాపలా పెరిగింది. మన దగ్గర బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపుల్లో చెంచులు ఇప్పటికే పనిచేస్తున్నారు, అటవీశాఖ బేస్ క్యాంపుల్లో అడవిని కాపలా కాసే ప్రొటెక్షన్ వాచర్లుగానూ ఉన్నారు. కొత్తగా నేర్పాల్సింది ఫస్ట్ ఎయిడ్, వైర్‌లెస్ వాడకం, అంతే.

అసలు అడవికి నష్టం చేసేది ఎవరూ చెప్పేవాళ్లు లేని జనమే. బోదగడ్డి పక్కనే రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించిన వాళ్లను ఈసారి రెండు చోట్ల చూశాను. ఒకచోట మా చెంచు అబ్బాయి పరుగెత్తి మట్టిపోసి ఆర్పించాడు, వాళ్లు కూడా పాపం తెలియక చేశారు, వెంటనే సరేనన్నారు. అదే అతని మెడలో ఒక గుర్తింపు కార్డు ఉంటే ఇంకెంతమంది మాట వినేవారో. (మేమూ ప్లాస్టిక్ బాటిళ్లు తీసుకెళ్లాం, అన్నీ తిరిగి తెచ్చాం, అది కూడా అతను చెప్పబట్టే.)

సిమెంటు రోడ్డు వద్దు, లైట్లు వద్దు, రిసార్టులు అసలే వద్దు. అటవీశాఖ, దేవస్థానం, శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఒకచోట కూర్చుని వచ్చే శివరాత్రికి ముందే పెచ్చెరువు గూడెంలో ఒక్క సమావేశం పెట్టి, ఎవరు వస్తారు, రోజుకు ఎంత ఇస్తారు అన్నది వాళ్లనే అడగాలని నా విన్నపం. మాతో వచ్చిన చెంచు అబ్బాయి తనతోపాటు ఇంకో ఆరుగురు సిద్ధంగా ఉన్నారని చెప్పాడు.

- ఒక పాఠకుడు, నంద్యాల