నీట మునిగే గడ్డి వేరు, తడి కోరే గడ్డి వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఇంటితోట పేజీలో తడినేలకు తగిన అలంకరణ గడ్డి మొక్కలంటూ వేసిన జాబితా చూశాం. బొమ్మలు ఇంపుగా ఉన్నాయి. కానీ అందులో జపాన్ అడవి గడ్డి, చారల రిబ్బన్ గడ్డి లాంటివి చలిదేశాల మొక్కలు. పర్లాకిమిడి, గుణుపురం వైపు రోహిణి కార్తె ఎండకి అవి నీడలో పెట్టినా మాడిపోతాయి. అది చిన్న తప్పు. 'తడి ఇష్టపడేవి' అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం పెద్ద తప్పు. ఒకదానికి వేళ్లు మునిగే ఉండాలి. ఒకటి తడికీ పొడికీ ఓర్చుకుంటుంది. ఇంకొకటి రోజూ నీళ్లు అడుగుతుంది గానీ ఆ నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. ఈ తేడా చెప్పకుండా మొక్క కొనిపిస్తే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

మా ఒడిశా సరిహద్దు ఊళ్లలో పెరడున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడూ ఆరని మూల ఒకటుంటుంది. బోరు గట్టు పక్కనో, స్నానాల గది వెనకో, ఏసీ నీళ్లు కారేచోటో. చాలామంది విసుగొచ్చి అక్కడ సిమెంటు పోసేస్తారు. అదే మూలకి గొడుగు తుంగను మించిన మొక్క లేదు. నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అంటారు గానీ అది తాటి జాతీ కాదు, అసలు గడ్డీ కాదు, మన పొలాల తుంగకి చుట్టం. కాడ చివర ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి.

దీన్ని కొననక్కర్లేదు, తెలిసినవాళ్లింట్లో ఒక గొడుగు అడిగితే చాలు. పచ్చగా, బలంగా ఉన్న గొడుగుని 2 అంగుళాల కాడతో కోయండి. ఆకుల్ని కత్తెరతో సగానికి కత్తిరించండి. కాడ పైకి, ఆకులు కిందికి ఉండేలా తలకిందులుగా గిన్నెడు నీళ్లలో వేసి నీడలో పెట్టండి. ఆకులు కాడని అంటుకున్న నడిమి ముడి నీళ్లలో ఉండాలి. 2, 3 వారాల్లో ఆ ముడిలోంచే తెల్లటి వేళ్లు, వాటి పక్కన సూదుల్లాంటి పచ్చటి మొలకలు వస్తాయి. మొలక 4 అంగుళాలు అయ్యాక మట్టిలోకి మార్చాలి. నీళ్లు 3 రోజులకోసారి మార్చకపోతే గొడుగు జిగటగా కుళ్లుతుంది. గోధుమరంగు తిరిగిన ముసలి గొడుగు సాధారణంగా వేరు పట్టదు. పండిన కాడల్ని సగంలో కోయకండి, అవి మళ్లీ చిగురించవు. మొదట్లోకి కోసేస్తే దుంపలోంచి కొత్తవి లేస్తాయి.

తొట్టి 12 అంగుళాల వెడల్పుంటే ఒక దుబ్బుకి సరిపోతుంది, అడుగున చిల్లు వద్దు. చెరువు మట్టి 3 పాళ్లు, ఇసుక 1 పాలు. పచ్చి పేడగానీ వర్మీకంపోస్టుగానీ కలపకండి. నీట మునిగిన ఎరువు గాలి అందక పులిసి కంపు కొడుతుంది, పైన పాచి పడుతుంది. మట్టి మీద అంగుళం మందాన గులకరాళ్లు పరవండి. ఇక దోమల సంగతి. మలేరియా తెలిసిన జిల్లాల్లో నిలవనీళ్ల తొట్టి పెట్టమనడం సరికాదు. దోమ గుడ్డు రెక్కల దోమ అవడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అందుకే నీటిమట్టం రాళ్ల పైకి రానివ్వకండి. రాళ్ల సందుల్లో తడి ఉంటుంది, దోమకి నీటి అద్దం దొరకదు. వానాకాలంలో తొట్టి నిండకుండా గులకరాళ్ల మట్టానికి కొంచెం కిందగా పక్క గోడకి ఒక చిల్లు పెడితే పని అయిపోతుంది.

ఇలాంటి తొట్టిలోనే వస కూడా పెరుగుతుంది. మొలక కన్ను ఉన్న 2, 3 అంగుళాల దుంపముక్కని బురదలో అడ్డంగా, 2 అంగుళాల లోతున పెట్టాలి. మట్టి ఒక్కసారి ఎండిందా, ఆకులు కొసల నుంచి ఎండుకొస్తాయి. సగం నీడ కావాలి. పెరట్లో పెరిగింది కదా అని పసిపిల్లలకి అరగదీసి నాకించకండి. మాటలు రావాలని పెట్టే అలవాటు మా వైపు ఇంకా ఉంది. వసదుంపలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదు, వైద్యుణ్ణి అడగకుండా వాడొద్దు.

తడికీ పొడికీ ఓర్చేది వట్టివేరు. సంతలో ఒడియావాళ్లు బెణా అంటారు. మీ జాబితాలో అసలు లేకపోవడం ఆశ్చర్యం. స్నానాల నీళ్లు పారే కాలువ గట్టుకి ఇదే సరైనది. మన దక్షిణాది సాగురకం గింజ పెట్టి ఊరంతా పాకదు, వేరు పక్కలకి కాక నేరుగా కిందికి దిగుతుంది, 3 మీటర్ల వరకూ పోగలదు. 3 పిలకలున్న ముక్క తీసుకుని, ఆకులు 8 అంగుళాలకీ వేళ్లు 2 అంగుళాలకీ కత్తిరించి నాటండి. గట్టు కోసమైతే ముక్కకీ ముక్కకీ 6 అంగుళాలు, అందానికైతే అడుగున్నర. వేరు కావాలనుకునేవాళ్లు మాత్రం నేలలో పెట్టకండి, తవ్వి తీయడానికి నడుం విరుగుతుంది. అడుగున చిల్లులు కొట్టిన డ్రమ్ములో ఇసుక ఎక్కువగా కలిపి పెంచితే ఏడాదిన్నరకి డ్రమ్ము దొర్లించి తీసుకోవచ్చు. వట్టివేరు వాసనకి పాములు రావన్న మాట నమ్మకండి. పాము వచ్చేది కప్ప కోసం, ఎలక కోసం. దుబ్బు గుమ్మానికి 6 అడుగుల దూరంలో ఉంచి, మొదట్లో ఎండాకు ఎప్పటికప్పుడు తీసేస్తే సరిపోతుంది.

మూడో రకం నిమ్మగడ్డి. రోజూ నీళ్లు తాగుతుంది, కానీ జులై, ఆగస్టు వానల్లో మొదలు నీళ్లలో నానితే నడిమి పిలకలు మెత్తబడి లాగితే ఊడొస్తాయి. 6 అంగుళాల ఎత్తు మట్టికుప్ప మీద, ముక్కకీ ముక్కకీ 2 అడుగుల దూరాన పెట్టాలి. ఊదారంగు ఫౌంటెన్ గడ్డి కూడా అంతే. పేరులో ఫౌంటెన్ ఉంది కదా అని దాన్ని నీటి మొక్కల పక్కన పెట్టి అమ్ముతున్నారు! ఆ పేరు కంకి వంపుని చూసి పెట్టింది. దానికి ఎండ, నీరు జారిపోయే నేల కావాలి.

రెల్లు మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఒడియాలో దీన్ని కాశతండి అంటారు. దసరా ముందు ఏటి ఇసుకలో అది తెల్లగా ఊగుతుంటే ఎవరికైనా పెరట్లో ఒక దుబ్బు ఉంటే బాగుండుననిపిస్తుంది. మహేంద్రతనయ ఒడ్డున ఉన్నచోటే ఉండనివ్వండి. దాని వేరుకొమ్మ పునాది అంచు వెంట పక్కింట్లో తేలుతుంది. దూది గింజలు గాలికెగురుతాయి. జమ్ము గడ్డి కూడా ఇదే కోవలోది. పెంచి తీరాలంటే 2 అడుగుల లోతు డ్రమ్ములో, అంచు నేలకి 2 అంగుళాలు పైకి ఉండేలా పాతి, కంకి దూదిగా విచ్చకముందే కోసేయాలి.

వాడిన నీళ్లు పోయొచ్చా అని అందరూ అడుగుతారు. ఒంటికి రుద్దుకున్న సబ్బు నీళ్లని గొడుగు తుంగ, వట్టివేరు తట్టుకుంటాయి. బట్టల సోడా, బ్లీచింగు, మరుగుదొడ్డి యాసిడ్ కలిసిన నీళ్లు వద్దు. వంటింటి జిడ్డు మట్టి రంధ్రాలు మూసేస్తుంది. బోరు నీళ్లలో ఉప్పెక్కువైతే తొట్టి అంచున తెల్లటి పొక్కు కడుతుంది, ఆకుకొసలు మాడతాయి. అప్పుడు నెలకోసారి తొట్టిని వాననీటితో నింపి వంచేయాలి. ఏసీ నీళ్లూ పనికొస్తాయి, వాటిలో ఉప్పు ఉండదు. గొడుగు ముడుల్లో తెల్లటి పిండినల్లి చేరితే మందు కొట్టేముందు పైపు నీళ్లు గట్టిగా కొట్టి చూడండి, చాలాసార్లు అదే చాలు.

ఇకముందు ఇలాంటి జాబితా వేసేటప్పుడు ప్రతి మొక్క పక్కనా నీరు నిలవాలా, తడి చాలా, జారిపోవాలా అన్న ఒక్క మాట చేర్చమని మా విన్నపం. వీలుంటే ఒడియా పేరు కూడా. ఇక్కడి సంతల్లో అడగాల్సింది ఆ పేరుతోనే. దుబ్బులు విడదీసి నాటే పని చలికాలంలో పెట్టుకోవద్దని కూడా రాయండి. డిసెంబరు, జనవరిలో కొండగాలికి పెరుగుదల మందగించి, కోసినచోట వేరు పుట్టేలోపే ముక్క కుళ్లిపోతుంది. మృగశిర కార్తెలో తొలివాన పడ్డాక మొదలుపెడితే ఆరుద్ర దాటేలోగా పిలకలు నిలదొక్కుకుంటాయి.

ఇట్లు,
పెరటితోటల పెంపకందారులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా