ఆ వరండాలో బొమ్మలకి కూడా సరైన గోడ ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్న చిత్రాల ఎగ్జిబిషన్‌కి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి హాలంతా తిరిగి అన్నీ చూసేశాననుకుని గేటు దాకా వచ్చేశా, అక్కడ ఒకాయన వెనక వరండాలో కూడా ఉన్నాయండి చూశారా అన్నారు. చూడలేదు, అసలు అక్కడ బొమ్మలున్నాయనే తెలీదు, బోర్డు కూడా లేదు. ఆ వరండా గురించే ఈ ఉత్తరం.

ముందు హాలు సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ నాకు నచ్చినవి నిజంగా ఉన్నాయి. సముద్రం వేసిన పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఒకటుంది, దగ్గరికెళ్లి చూస్తే రంగు ముద్దలు ముద్దలుగా కత్తితో మెత్తినట్టు ఉంటుంది, ఏది నీళ్లో ఏది నురగో తెలీదు, అదే ఓ ఐదారడుగులు వెనక్కి జరిగితే అల లేచి మీదకొస్తున్నట్టే ఉంటుంది, నేనైతే ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచానో. పోర్ట్రెయిట్లు మాత్రం అంత పట్టుకోలేదు నన్ను, మొహాలు అందంగా ఉన్నాయి కానీ ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో అనిపించలేదు. సరే అది నా అభిప్రాయం.

ఇంక వరండా. అక్కడున్నవన్నీ కాగితం మీద వేసినవి, పెన్సిల్, బొగ్గు, ఇంకు, కొన్ని వాటర్ కలర్లు. కుర్చీలో కూర్చునే నిద్రపోయిన ఒక ముసలాయన బొమ్మ, చార్‌కోల్‌తో వేసింది. చొక్కా వేయనే లేదు, ఖాళీ కాగితం వదిలేసి భుజం దగ్గర ఒక గీత, మోచెయ్యి దగ్గర ఇంకో గీత, అంతే, అయినా నలిగిన చొక్కా కనిపిస్తుంది. గడ్డం దగ్గర ముందు వేసిన గీత తుడిచేసిన మరక ఇంకా ఉంది, అంటే మొదట తల కాస్త పైకి వేసి, కాదు ఇంకా వాలిపోయింది అని మళ్లీ కిందకి దించారన్నమాట. వేసేవాళ్ల చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ మనసు మార్చుకుంది అన్నీ తెలిసిపోతున్నాయి. ఆయిల్‌లో ఇది కనపడదు, పైన ఇంకో పూత వేస్తే కిందది కప్పబడిపోతుంది. నేను ఆ ఒక్క బొమ్మ ముందే ఇరవై నిమిషాలు నించున్నా, అదీ వంగుని, ఎందుకంటే బొమ్మల్ని రెండు వరసలుగా పెట్టారు, కింది వరస మోకాళ్ల ఎత్తులో ఉంది. పైగా అద్దం మీద ఎదుటి ట్యూబ్ లైటు పడి సగం బొమ్మలో నా మొహమే కనిపిస్తోంది.

ఇవి ఇక్కడ ఎందుకు పెట్టారండి అని అక్కడున్న ఒకరిని అడిగితే, అవి ప్రాక్టీస్ కోసం వేసుకునేవి మేడమ్, అసలు పెయింటింగులు హాల్లో ఉన్నాయి అన్నారు. ఆ మాటకి చాలా బాధేసింది. అల్బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మనీ చిత్రకారుడు 1484లో పదమూడేళ్ల వయసులో వెండి మొన ఉన్న పుల్లతో తన బొమ్మ తనే గీసుకున్నాడు, ఆ గీత ఒకసారి పడితే మన పెన్సిల్ గీతలాగా రబ్బరుతో తుడిచేద్దామంటే పోదు, అయిదొందల ఏళ్లు దాటినా ఇవాళ్టికీ దాన్ని భద్రంగా దాచుకున్నారు. కేథే కోల్విట్జ్ అని జర్మనీ ఆవిడ, యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే డ్రాయింగులూ ప్రింట్లూ వేసింది. ఆవిడ వేసిన తల్లుల్ని చూసి వీటికి రంగులుంటే బావుండేదని ఎవరికైనా అనిపిస్తుందా. డ్రాయింగు అంటే పెయింటింగుకి ముందు మెట్టు మాత్రమే కాదు, అది దానికదే పూర్తయిన పని.

అన్నిటికన్నా నన్ను కంగారుపెట్టింది ఇంకోటుంది. వాన వెలిసాక తడి రోడ్డు మీద ఎర్ర గొడుగు పట్టుకుని వెళ్తున్న అమ్మాయి, వాటర్ కలర్. రోడ్డు మీద మెరుపు కోసం తెల్ల రంగు వాడలేదు, కాగితం తెలుపే వదిలేశారు, వాటర్ కలర్లో వెలుగు కావాలంటే ముందే ఆలోచించుకుని అక్కడ రంగు పడకుండా కాపాడుకోవాలి, ఎంత ఓపికో చూడండి. రెండోసారి నేను మధ్యాహ్నం వెళ్లాను, అప్పుడు కిటికీలోంచి ఎండ సూటిగా ఆ గొడుగు మీదే పడుతోంది. రోజూ అదే టైముకి పడుతుంది కదా.

వాటర్ కలర్లో కొన్ని ఎరుపులు వెలుతురికి తొందరగా వెలిసిపోతాయి, పోయింది మళ్లీ రాదు, నీడలోకి మార్చినా రాదు, ఎంత వెలుతురు తగిలితే అంత నష్టం పేరుకుంటూ పోతుంది. వాన్ గో అనే డచ్ చిత్రకారుడు 1888లో వేసిన తన పడగ్గది బొమ్మ ఉంది, ఇవాళ మనం నీలం గోడలు అనుకుంటున్నవి ఆయన వేసినప్పుడు ఊదా రంగువి, అందులో ఎరుపు కాలక్రమంలో వెలిసిపోయి నీలం మిగిలింది. అది ఆయిల్ పెయింటింగు, దానికే అట్లా అయితే కాగితం మీద పల్చగా వేసిన రంగు సంగతేంటి. అందుకే మ్యూజియంలలో కాగితం బొమ్మలకి వెలుతురు మామూలుగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలిచే లెక్క) దాటనివ్వరు, ఆయిల్ అయితే 200 దాకా పర్లేదంటారు, నేరుగా పడే ఎండ అయితే వేలల్లో ఉంటుంది. డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మని ఎప్పుడో గాని బయట పెట్టరు, మిగతా కాలమంతా చీకట్లోనే ఉంచుతారు. బొగ్గు, పెన్సిల్ గీతలు వెలిసిపోవు, నిజమే, కానీ వెనకున్న చౌకరకం కాగితం వెలుతురికి పసుపెక్కి పెళుసైపోతుంది.

నిర్వాహకుల్ని తప్పుపట్టడానికి రాయట్లేదు, ఇన్ని బొమ్మలు ఒకచోట చేర్చడం ఎంత కష్టమో తెలుసు. కానీ హాల్లో ఒక్క గోడైనా డ్రాయింగులకి ఇవ్వండి. రెండు వరసలొద్దు, బొమ్మ మధ్యభాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలామంది కళ్లకి సరిగ్గా అందుతుంది. లైటు ఎదురుగా కాకుండా పైనుంచి ఏటవాలుగా పెడితే అద్దంలో మెరుపు చాలావరకు తగ్గుతుంది. లేబుల్ మీద ఉత్త డ్రాయింగ్ అని రాసి వదిలేయకుండా దేనితో వేశారు, ఏ సంవత్సరం అన్నది కూడా రాస్తే నాబోటివాళ్లం నేర్చుకుంటాం. వీలైతే ఆర్టిస్టుల స్కెచ్ బుక్కులు ఒకటి రెండు తెరిచి పెట్టండి, నేను వెళ్లినప్పుడు స్కూలు పిల్లలు ముప్పై మంది దాకా వచ్చారు, వరండా వైపు ఎవరూ తీసుకెళ్లలేదు, వాళ్ల బ్యాగుల్లో ఉండేదేమో పెన్సిలే కదా.

ఇవన్నీ వచ్చే ఏడాదికైనా సరే. కానీ ఎగ్జిబిషన్ ఇంకా కొన్ని రోజులు ఉంది కాబట్టి ఆ ఎర్ర గొడుగు బొమ్మని మాత్రం రేపే కిటికీ ఎదుటి నుంచి తీయించండి, వేరే గోడ దొరక్కపోతే కనీసం ఆ కిటికీకి ఒక మందపాటి కర్టెన్ అయినా కట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు