జూన్ నెల ఉత్తరం: గుల్జార్ హౌజ్ గురించి పిల్లల ముందు మాట్లాడేటప్పుడు

28 జూన్ 2025

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బడి జూన్ 12న తెరిచాం. పాఠ్యపుస్తకాలు పంచడం అయిపోయింది, నోటు పుస్తకాలు అందని సెక్షన్లకు వచ్చే వారం ఇస్తాం, బోనాల సెలవు జులై 21, బస్సు ఫీజు ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి. ఈ నెల రాయాల్సిన అసలు విషయం వేరే ఉంది. అది మీకూ తెలుసు.

మే 18 ఆదివారం పొద్దున హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర ఇల్లు అంటుకుని ఒకే కుటుంబం వాళ్ళు, బంధువులు కలిపి 17 మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు, అందరూ పదేళ్ళలోపు వాళ్ళే. మన పిల్లల్లో సగం మందికి అది పండగ బట్టలకు, గాజులకు వెళ్ళే దారి. అప్పుడు వేసవి సెలవులు కాబట్టి వాళ్ళు ఆ వార్తను బడిలో వినలేదు. ఇంట్లో, మేడ మీద, అమ్మ ఫోనులో విన్నారు. మూడున్నర వారాలు అలా విన్నదంతా మనసులో పెట్టుకుని జూన్ 12న మా దగ్గరికి వచ్చారు.

బడి తెరిచిన మొదటి వారంలోనే ఇంటర్వెల్‌లో మూడో తరగతి పిల్లలు ఓ కొత్త ఆట మొదలుపెట్టారు. వేపచెట్టు అరుగు ఇల్లు. నలుగురు దాని మీద కూర్చుని దగ్గుతారు. ఒకడు చేతులు చాచి "బుర్రు"మంటూ ఫైరింజన్ అయి వస్తాడు. వాడు త్వరగా వచ్చేస్తే మిగతా వాళ్ళు ఒప్పుకోవడం లేదు. "అరేయ్, నువ్వు లేటుగా రావాలిరా, నీళ్ళు కూడా ఉండొద్దు" అని వెనక్కి పంపుతున్నారు. ఆపమంటారా మేడమ్ అని టీచర్ అడిగితే వద్దన్నాను. భయాన్ని పిల్లలు ఆటలోనే కక్కుకుంటారు. కానీ ఆ "లేటుగా రావాలి" అన్న మాట ఎనిమిదేళ్ళ పిల్లాడికి సొంతంగా తట్టేది కాదు. అన్నం తినేటప్పుడు ఎవరో పెద్దవాళ్ళు అంటుంటే విన్నదే.

తరగతుల వాట్సాప్ గ్రూపులు నేనూ చూస్తుంటాను. అవి హోంవర్క్ కోసం పెట్టిన గ్రూపులు. వాస్తు దోషమని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు, ఆ కుటుంబం ఆస్తుల గురించి మరొకరు. ఇక్కడ తిరిగి రాయడానికి కూడా నాకు మనసొప్పని మాటలు ఇంకా ఉన్నాయి. కన్నవాళ్ళను, పిల్లలను ఒక్క పొద్దున్నే పోగొట్టుకున్న వాళ్ళు ఇదే ఊళ్ళో, మనకు రెండు వీధుల అవతలే ఉన్నారు. పిల్లలను బయటికి మోసుకొస్తున్న వీడియో ఒక గ్రూపులో మూడుసార్లు వచ్చింది. పంపిన వాళ్ళ ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది, కాదనను. ఆ ఫోన్లు రాత్రి ఎవరి చేతుల్లో ఉంటున్నాయో మాత్రం ఒకసారి గుర్తు చేసుకోండి.

తెలిసినంత వరకు తెలిసింది ఇదీ. కింది అంతస్తులో దుకాణాలు, పైన రెండు అంతస్తుల్లో కుటుంబం. కింద చెక్క ప్యానెళ్ళ దగ్గర మంట మొదలై పైకి పాకిందని అగ్నిమాపక శాఖ చెప్పింది, షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుందన్నది మొదటి అంచనా. లోపలికి పోవడానికి సొరంగం లాంటి రెండు మీటర్ల దారి, పైకి ఎక్కడానికి మీటరు వెడల్పున్న ఒకే ఒక్క మెట్లదారి. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పొగ. ఉదయం 6.16కు ఫోను వచ్చిందని, మొగల్‌పురా ఫైర్ స్టేషన్ నుంచి మొదటి బండి నిమిషంలో చేరిందని శాఖ అంటోంది. ఆలస్యమైందని, వచ్చిన వాళ్ళ దగ్గర సరైన సామాను లేదని కళ్ళారా చూసినవాళ్ళు, బంధువులు అంటున్నారు. మంట మొదలైన క్షణానికీ, ఫోను మోగిన క్షణానికీ మధ్య ఎంతసేపు గడిచిందో తేల్చాల్సింది విచారణ కమిటీ. ప్రశ్నలు అడగొద్దని నేను అనడం లేదు, గట్టిగా అడగాల్సిందే, అధికారులను అడగాల్సిందే. మూడో తరగతి పిల్లాడు మాత్రం దానికి జవాబు చెప్పాల్సినవాడు కాదు.

పిల్లలకు ఆ పొద్దుటి గురించే ఏదైనా చెప్పాలనుకుంటే ఇది చెప్పండి. చార్మినార్ దగ్గర గాజులు అమ్ముకునే యువకుడు, అతని తోటివాళ్ళు ఫైరింజన్ కోసం ఎదురుచూడలేదు. షట్టరూ గోడా పగలగొట్టి ఆ పొగలోకి దూరారు. లోపలున్నవాళ్ళు వాళ్ళకు చుట్టాలు కారు, పక్కాలు కారు.

మా తొమ్మిదో తరగతి వాళ్ళ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వాళ్ళ గోడపత్రిక మెట్ల పక్కన ఉంది, వచ్చినప్పుడు నిలబడి చదవండి. పెద్ద చార్టు మీద మూడు గళ్ళు గీశారు: "విన్నది", "ఎక్కడ విన్నావు?", "ఎవరు నిర్ధారించారు?". మొదటి గడి నిండిపోయి అట్టకు వెనకవైపు కూడా రాశారు. రెండో గడిలో "మామయ్య స్టేటస్", "ఆటోలో", "గ్రూపు". మూడో గడి దాదాపు ఖాళీ. ఈ ఆలోచన ఒక అమ్మాయిది. పేరు వేయొద్దని వాళ్ళ అమ్మ అన్నారు కాబట్టి వేయడం లేదు గానీ, క్లాసులో నోరు విప్పని పిల్ల అని నిరుడు మీరంతా అనుకున్న పిల్లే. నాకు చార్టు చూపించి, "మేడమ్, ఖాళీ గడిని ఖాళీగానే ఉంచాలా, ఏదైనా రాయాలా?" అని అడిగింది. ఖాళీగానే ఉంచమన్నాను. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత మంచి ప్రశ్న అడిగిన పిల్లలు తక్కువ. ఇదే తరగతి నుంచి ఇద్దరబ్బాయిలు తమ అపార్టుమెంటులో ఇల్లిల్లూ తిరిగి, మెట్ల కింద పెట్టిన పాత ఫ్రిజ్ తీయించారు. ఫ్రిజ్ యజమానితో తిట్లు కూడా తిన్నారట. ఆ తిట్లకు బడి తరఫున వాళ్ళకు కానుకగా పుస్తకాలు ఇచ్చాం.

ఇక మెట్ల సంగతి. ఈ విషయం మీద నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపనని మా స్టాఫు నవ్వుతారు, నవ్వనివ్వండి. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి వంటగది పూరికప్పు అంటుకుని 94 మంది చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత దేశంలోని ప్రతి బడిలో మంటలార్పే సిలిండర్లు ఉండాలని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటి నుంచి ఏ భవనంలో అడుగు పెట్టినా నా కళ్ళు ముందు మెట్ల మీదికే పోతాయి. మన ఊళ్ళో మెట్లంటే ఏమిటి? కింద కరెంటు మీటర్ల బోర్డు. దాని ముందు రెండు స్కూటర్లు. ఒకటి ఎలక్ట్రిక్‌ది అయితే రాత్రంతా అక్కడే చార్జింగ్. పైన చెప్పుల స్టాండు, బియ్యం బస్తా, తులసి కుండీ, ఎప్పుడో పండగకు కొన్న సామాన్ల అట్టపెట్టెలు. కింద మంట పుడితే ఈ మెట్లు పొగగొట్టంలా పనిచేస్తాయి. వేడెక్కిన పొగ అన్ని అంతస్తుల కంటే ముందు మెట్లలోకే ఎక్కుతుంది. దిగాల్సిన దారి అదే, పొగ ఎక్కే దారీ అదే. రెండో దారిగా బాల్కనీ ఉంటే దానికి దొంగల భయంతో ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. తాళంచెవి ఎక్కడుంది? నాన్న జేబులో. నాన్న ఎక్కడున్నాడు? నైట్ డ్యూటీలో. గ్రిల్లు పెట్టొద్దని అనను, దొంగలూ నిజమే. తాళంచెవి మాత్రం గ్రిల్లు పక్కనే, పిల్లల చేతికి అందే ఎత్తులో, బయటివాళ్ళ చేతికి అందని చోట మేకుకు వేలాడాలి. చీకట్లో కళ్ళు మూసుకుని మీ పిల్ల దాన్ని తీసి తిప్పగలగాలి. ఈ ఆదివారమే పరీక్షించి చూడండి. తుప్పు పట్టిన తాళమైతే కొబ్బరినూనె చుక్క వేయండి, ఇంకా తిరగకపోతే మార్చేయండి. సీరియల్ ఒక్క రోజు ఆగుతుంది.

ఇదేదో పాతబస్తీ ఇరుకు సందుల సమస్య అని అవతలి కాలనీల వాళ్ళు అనుకోవద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూములో మంట పుట్టి, పొగ మెట్ల గుండా ఎక్కి పైగదుల్లో ఉన్నవాళ్ళు ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్సులో పోయిన ఆరుగురూ అక్కడ పని చేసుకుంటున్న యువతీయువకులు, పొగకే. అదే ఏడు నవంబరులో బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద రసాయనాల డబ్బాలు నిల్వ ఉంచారు, అవి అంటుకుని కనీసం తొమ్మిది మంది పోయారు. లాడ్జిలోనూ, బజార్‌ఘాట్‌లోనూ మంట కింద పుట్టింది, పోయినవాళ్ళు పైనున్నవాళ్ళు.

పిల్లలకు చెప్పాల్సినవి ఎక్కువ లేవు. నిద్రలో ఉన్నప్పుడు ముక్కు మనల్ని లేపదు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు అసలు వాసనే ఉండదు. కాబట్టి ఎవరు ముందు మేలుకుంటే వాళ్ళు గట్టిగా అరిచి అందరినీ లేపాలి. పొగ పైన తేలుతుంది, నేలకు దగ్గరగా పాకుతూ పోవాలి. తలుపు వేడిగా ఉంటే తీయకూడదు, వేరే దారి చూసుకోవాలి. దాటుతూ వచ్చిన తలుపులు వేసుకుంటూ రావాలి. బొమ్మ కోసం, ఫోను కోసం, పుస్తకాల సంచి కోసం వెనక్కి పోకూడదు. మీ పిల్లలు ఏం జవాబిస్తారో వినండి: మంట వస్తే ఎక్కడికి పోతావని నాలుగో తరగతిలో అడిగితే పదకొండు మంది మంచం కిందికి అన్నారు. పిల్లల బుద్ధి అంతే, భయమేస్తే దాక్కుంటారు. దాక్కున్న పిల్లలను పొగలో వెతకడం ఎవరి వల్లా కాదు. "దాక్కోవద్దు, బయటికి రా, కేక వెయ్యి" అని పదిసార్లు చెప్పండి. 101, 112 నెంబర్లు నోటికి రావాలి. ఇంటి నెంబరు, వీధి, దగ్గర్లో ఉన్న గుర్తు కూడా చెప్పగలగాలి. మీ పిల్లల్లో ఎందరికి సొంత ఇంటి అడ్రసు పూర్తిగా వచ్చో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. పాస్‌వర్డులు మాత్రం అందరికీ వచ్చు.

ఒకరిద్దరు చిన్నపిల్లలు ఏసీ అంటుకుంటుందేమోనని కంప్యూటర్ గదిలోకి రావడానికి భయపడుతున్నారు. వాళ్ళను బలవంతం చేయడం లేదు, తలుపు దగ్గర కూర్చోబెడుతున్నాం. ఇంట్లో "ఏం కాదులే, పడుకో" అని కొట్టిపారేయకండి. ఏమౌతుందోనని అడిగితే మన ఇంటి నుంచి ఎలా బయటికి వస్తామో నడిపించి చూపించండి. రాత్రి నిద్ర చెడి ఉదయం ప్రార్థనలో కునికే పిల్లల సంఖ్య ఈ నెల ఎక్కువగానే ఉంది. అదంతా దుఃఖం వల్లేనని నమ్మాలని నాకూ ఉంది. పదకొండింటికి కూడా ఆన్‌లైన్‌లో కనబడుతున్న ఆరో తరగతి పిల్లలను చూశాక కష్టంగా ఉంది. ఫోను చార్జింగ్ దిండు కింద పెట్టి పడుకునే అలవాటు ఎవరింట్లో ఉన్నా ఈ రాత్రి నుంచి మానిపించండి, దయచేసి.

మంట వస్తే బడిలో ఏ ఏర్పాటు ఉందని మీలో కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్న. రెండు మెట్లదారులున్నాయి, రెండూ బడి వేళల్లో తాళం లేకుండా తెరిచే ఉంటాయి. మంటలార్పే సిలిండర్ల మీద గడువు తేదీ రాసి ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. వంటషెడ్డు తరగతులకు దూరంగా ఉంది. జులై 3 గురువారం 11 గంటలకు అందరినీ ఖాళీ చేయించే అభ్యాసం చేస్తాం. గంట మోగితే ఇంటికి ఫోన్లు వస్తాయేమో, కంగారు పడొద్దు.

అయితే ఒక్క మాట. మన గేటు పన్నెండు అడుగులు. ఉదయం 8.40కి అందులో పది అడుగులు మీ బండ్లే ఆక్రమిస్తున్నాయి. ఒక నాన్నగారు కారు అడ్డంగా ఆపి, లోపలికొచ్చి నాతోనే ఫైరింజన్లు ఎందుకు ఆలస్యమౌతాయో పదిహేను నిమిషాలు మాట్లాడి వెళ్ళారు. ఆయన వెళ్ళేదాకా స్కూలు బస్సు బయట హారన్ కొడుతూనే ఉంది. సోమవారం నుంచి వాచ్‌మన్ చెప్పిన చోటే బండ్లు ఆపండి, ఆయన మీద కేకలు వేయకండి, ఆయన నా మాటే చెబుతున్నాడు.

పేరెంట్స్ మీటింగ్ జులై మొదటి శనివారం. ఐడీ కార్డు ఫొటోలు ఇంకా ఇవ్వనివాళ్ళు ఇవ్వండి. వానలు మొదలయ్యాయి కాబట్టి గొడుగు మీద పేరు రాయండి.

ఈ ఉత్తరం అడుగున ఉన్న చీటీలో మూడు ఖాళీలు ఉన్నాయి: ఇంటి నుంచి బయటికి ఎన్ని దారులు, గ్రిల్లు తాళంచెవి ఎక్కడ వేలాడుతోంది, పిల్లలు బయటికి వచ్చాక కలుసుకోవాల్సిన చోటు ఏది. మీరు నింపకండి, పిల్లలతో నింపించి, చూసి సంతకం చేయండి. జులై 2 లోపు క్లాసు టీచరుకు అందాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు