నాన్నగారి సంవత్సరీకం – స్పర్శ్ హాస్పిస్‌కు విరాళం

పెద్దలకు, బంధుమిత్రులకు నమస్కారం. నాన్నగారి సంవత్సరీకాన్ని ఈసారి ఇంటి మట్టుకే జరుపుకొని, ఆయన పేరిట హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌కు విరాళం అందజేయాలని అమ్మా మేమూ నిర్ణయించుకున్నాం. ఇక నయం కాదని తేలిన క్యాన్సర్ రోగులను అక్కడ ఉచితంగా చేర్చుకొని, నొప్పి ముదరకముందే వేళకు మందిస్తూ, వీపు పుండ్లు పడకుండా పక్క మార్చి పడుకోబెడుతూ, ఎండిన పెదవులను తడి దూదితో అద్దుతూ చూసుకుంటారు. చివరి రోజుల్లో నాన్నగారికి ఇంట్లో చేయడానికి మేము సతమతమైన పనులు ఇవే. ఎంత ఇవ్వదలచినా మా ఖాతాకు కాక నేరుగా సంస్థకే పంపి, రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు కోరేవారు రూ. 2,000 దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వవద్దు. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టవద్దని అమ్మ మరీ మరీ చెప్పమంది.