మండువాలో తాడు లాగిన రోజు

ముక్కామల,
సోమవారం పొద్దున్న

ఒరే సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని ఎంత తిట్టినా పడతాను, కానీ ముందు ఇది విను. అమ్మ మోకాళ్లు కాస్త నయం. పాప ఐదో తరగతికొచ్చింది. కొబ్బరి దింపు మొన్ననే అయింది. ఇక అసలు సంగతి.

మా మండువా ఇల్లు, నడుమ ఆకాశం కనిపించే ఆ గుంటతో సహా, పంపకాలకొచ్చింది రా.

పెదనాన్నగారు పోయాక అన్నయ్యలు హైదరాబాదు నించి వచ్చి, పడగొట్టేసి స్థలం మూడు ముక్కలు చేద్దాం, ఎవరి డాబా వాళ్లు కట్టుకుందాం అన్నారు. ఉన్నది పద్నాలుగు సెంట్లు, రోడ్డు ఒక్క వైపే. వెనక వాటాలకి దారి తీస్తే ఒక్కొక్కరికీ నాలుగు సెంట్లు దక్కదు. అందులో చుట్టూ ఖాళీ వదలాలి. అమలాపురంలో అద్దె కట్టలేక మా తమ్ముడు ఈలోగా మన కాలవ గట్టు కింద లేఅవుటులో స్థలం చూసొచ్చాడు. సెంటు ఐదు లక్షలన్నారట! పైన మెరక ఖర్చు. మన నేల సంగతి నీకు చెప్పాలా? రోడ్డెత్తుకి తేవడానికి ట్రాక్టర్ల కొద్దీ మట్టి. ఒకడు మెరక చేస్తే వాన నీళ్లు పక్కవాడి గుమ్మంలోకి, వాడు మళ్లీ అడుగు లేపుతాడు. మనం కొర్రమీనుకి గాలం వేసిన మురుగుబోదె లేదూ, దాన్నీ పూడ్చేశారు. నాకు కడుపు మండిపోయింది సూరీ. ఆ చేల నీరంతా ఇప్పుడు ఎక్కడికి పోతుంది...

సరే, ఎక్కడున్నాను? ఆఁ, బాబాయి. ఇల్లు ఉంచి మండువాకి అడ్డంగా గోడ లేపుదామన్నారు. తాపీమేస్త్రి వచ్చి ఉత్తరపు గోడ నించి దక్షిణపు గోడకి తాడు లాగాడు. మనం రాకెట్టని ఆడుకున్న స్తంభానికి జానెడు దూరంలో పోయింది. (దాని మీద నీ వంకర 'సూ' ఇంకా ఉంది, పాపకి చూపించాను.) ఎవరికీ నోట మాట లేదు. మేస్త్రి గుంటలోకి దిగి చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. పడమటి మూలన పోశాడు. నీళ్లు రాతి మీద మెల్లగా పాకి, తాడు కిందనించి వెళ్లి, తూర్పు మూలనున్న తూములో పడ్డాయి.

"నాలుగు చూర్ల నీరూ ఇందులోకేనండి. గోడ కడితే పడమటి వాటా మునిగిపోద్ది" అన్నాడు.

ఇంకో తూము వెయ్యాలంటే గదుల పునాదుల కింద తవ్వాలట. బాబాయి ఆ తడిగీత వంకే చూస్తూ కూర్చున్నారు. 1996 నవంబరు తుపాను రాత్రి వీధిలోవాళ్లంతా ఆ గుంట చుట్టూ వసారాల్లో చేరారు, గుర్తుందా? మనిద్దరం గాదె పక్కన ఒకే దుప్పట్లో... చాలాసేపటికి బాబాయి "తాడు చుట్టెయ్" అన్నారు.

అప్పుడు తీశాను నీ ఉత్తరం. మీ అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2019లో చట్టం చేసి, 25,000 జనాభా దాటిన ఊళ్లలో ఒక్క కుటుంబం ఇల్లు మాత్రమే కట్టనిచ్చిన చోట నాలుగు వాటాల దాకా కట్టనిస్తున్నారనీ, ఉమ్మడి వాకిలి చుట్టూ చిన్నిళ్ల గుంపు కూడా కుదురుతుందనీ, మినియాపొలిస్ నగరం 2018లోనే ఆ దారి పట్టిందనీ రాశావు చూడు, అదంతా చదివి వినిపించాను. పెద్దన్నయ్య "ఉమ్మడి వాకిలా? మనదగ్గర ఉన్నదదే కదరా" అన్నాడు. నీకు దణ్ణం పెట్టాలనిపించింది.

మూడు వంటిళ్లు, మూడు కరెంటు మీటర్లు. మండువా, నడవ, నుయ్యి ఉమ్మడి. దస్తావేజులో "ఏ వాటాదారుడూ అడ్డు కట్టరాదు" అని రాయించాం. తమ్ముడికి పడమటి గదులు. పశువులపాక చోట కిందా పైనా రెండు పోర్షన్లు వేసి అద్దెకిస్తాం, కింద వాటా ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ ఇప్పుడే అడిగి పెట్టుకుంది. ఆవిడ జీతానికి తగ్గ ఇల్లు ఈ చుట్టుపక్కల దొరకలేదట.

అప్పు దగ్గరే చిక్కు. ఉమ్మడి జాగాకి హద్దులేవంటూ బ్యాంకువాళ్లు కాగితాలు రెండుసార్లు తిప్పి పంపారు. అపార్ట్‌మెంటులో ఫ్లాటుకి విడదీయని వాటా రాస్తే అప్పిస్తారు కదా, మాకెందుకివ్వరు? మళ్లీ వెళ్తాను, వదలను. నువ్వు ఆ చిన్నిళ్ల గుంపుల ప్లాన్లు దొరికితే పంపు, వంటిళ్లు ఎటు పెట్టారో చూడాలి. ఇంకోటి, నుయ్యి దగ్గర మీ నాన్నగారు పాతిన

తమ్ముడు బండి స్టార్టు చేసేశాడు, పోస్టులో వేస్తాడట. మిగతాది మళ్లీ.

నీ
బుజ్జి