డిశ్చార్జి చీటీతో వైద్యం ఆగిపోకూడదు

సంపాదకుడు గారికి,

ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం పేరుతో మా బడి పిల్లల చేతికి ప్లకార్డులిచ్చి ఊరేగింపు తీస్తాం. టీచర్‌ని కాబట్టి నేనూ ఆ వరుసలో నడుస్తాను. కొన్నిటి మీద ‘మొదలుపెట్టొద్దు’ అని ఉంటుంది, కొన్నిటి మీద ‘మానేయండి’ అని. మానేసి ఇంటికొచ్చినవాడి సంగతి ఏ ప్లకార్డు మీదా కనిపించదు. లెక్కల్లోనూ అంతే. డీ-అడిక్షన్ సెంటర్లలో (తాగుడు, మత్తు మాన్పించే కేంద్రాల్లో) ఎన్ని పడకలున్నాయి, ఎంతమంది చేరారు, ఎంతమంది డిశ్చార్జి అయ్యారు అన్నవి అడిగితే చెబుతారు. ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమంది మందు ముట్టకుండా ఉన్నారని అడిగాను, మా జిల్లాలో చెప్పినవాళ్లు లేరు.

మా ఇంట్లో ఈ బాధ ఉంది కాబట్టే రాస్తున్నాను. మా తమ్ముణ్ని ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. చేతుల వణుకు తగ్గింది, నిద్ర పట్టింది, ఒంటికి తిండి పట్టింది. పంపేటప్పుడు మాత్రల చీటీ, బిల్లు చేతిలో పెట్టి ‘ఇక జాగ్రత్తగా చూసుకోండి’ అన్నారు. ఎలా చూసుకోవాలో చెప్పలేదు. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీలో లేదు. ఊళ్లో బస్సు దిగితే ఎదురుగా వైన్స్, మా సందు మొదట్లోనే బెల్టు షాపు. పాత స్నేహితులూ ఎక్కడికీ పోలేదు. దసరా దావత్‌లో ‘ఒక్క పెగ్గుకి ఏం కాదురా’ అన్నది మాత్రం స్నేహితులు కాదు, మా సొంత మేనమామ. మళ్లీ మొదలైంది. ‘వాడికి బుద్ధి లేదు, డబ్బు దండగ’ అని బంధువులు తేల్చేశారు. అందులో మేనమామ కూడా ఉన్నాడు.

ఒంట్లోంచి మందు దిగిపోయి వణుకు తగ్గడానికి వారం, పది రోజులు పడుతుంది. మెదడుకు పట్టిన అలవాటు నెలల తరబడి ఉంటుంది. కూలి డబ్బు చేతికొచ్చినా, ఇంట్లో గొడవైనా, ఏమీ లేకుండా సాయంత్రం ఆ వేళ అయినా కోరిక లేస్తుంది. తిరిగి తాగడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుందని డాక్టర్లు చెబుతారు. సరిగ్గా ఆ మూడు నెలలే మనిషిని పట్టించుకునేవాళ్లు ఉండరు.

తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. చాలాచోట్ల కల్లు పేరుతో అమ్ముతున్నది అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు జనం క్యూ కట్టారు. మూర్ఛలు, పిచ్చిచూపులు, పొంతన లేని మాటలు. బాగా అలవాటు పడ్డవాళ్లు డాక్టరు సాయం లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని అప్పుడు అందరికీ తెలిసింది. మానాక నిలబడడానికి ఏం కావాలన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికీ పట్టలేదు.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను చూడండి. రోజూ తాగేవాడు కూడా 41 రోజులు చుక్క ముట్టడు. (వ్యసనం ముదిరినవాళ్లు ముందు డాక్టరును కలవాలి, మళ్లీ చెబుతున్నాను.) దేవుడంటే భయం అంటారు. ఆ దేవుడు మాల తీశాక కూడా ఉన్నాడుగా, మరి తీసిన మర్నాడే వైన్స్ దగ్గర ఎందుకు కనిపిస్తాడు? నన్నడిగితే, ఆ 41 రోజులూ ఊరంతా అతనికి కాపలా ఉంటుంది. ‘స్వామీ’ అని పిలుస్తారు. ఎవరూ గ్లాసు చాపరు. సరిగ్గా తాగే వేళకి భజన ఉంటుంది, పక్కన అదే దీక్షలో ఉన్న పదిమంది ఉంటారు. మాల తీయగానే ఇదంతా ఒక్కరోజులో పోతుంది. సెంటర్ నుంచి ఇంటికొచ్చినవాడి పరిస్థితీ అదే. అతన్ని భజన చేయమని నేను అనడం లేదు. ఆ సాయంత్రాన్నీ, ఆ పదిమందినీ ఇంకో రకంగా ఇవ్వలేమా అంటున్నాను.

1935లో అమెరికాలో తాగుడుతో నలిగిపోయిన ఇద్దరు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ నడిచేది ఇలాగే. ఫీజు లేదు, పేరు చెప్పనక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో మీటింగులు జరుగుతున్నాయి. మా మండలంలో లేవు. గ్రంథాలయంలో ఒక గది, నాలుగు కుర్చీలు, వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే సరిపోతుంది. అదీ కుదరకపోతే మా బడి గది ఉంది, హెడ్‌మాస్టరు గారిని నేను ఒప్పిస్తాను.

చట్టం లేదా అంటే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. దాని 98వ సెక్షన్ ప్రకారం రోగిని పంపేముందు సైకియాట్రిస్టు అతనితో, కుటుంబంతో మాట్లాడి, తర్వాత చికిత్స ఎలా సాగాలో ఒక ప్రణాళిక తయారయ్యేలా చూడాలి. నెలకు వేలకు వేలు వసూలు చేసే సెంటర్లకు తనిఖీకి వెళ్లే అధికారులు ఆ కాగితాన్ని అడిగి చూడాలి. లేకపోతే జరిమానా వేయాలి.

మాత్రల విషయం కూడా. తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి కాబట్టి అది రోగికి తెలిసి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాలి. కానీ మా ఊళ్లో చాలామందికి తెలిసిన మందు ‘అతనికి తెలియకుండా అన్నంలో కలపండి’ అని అమ్మే పొడి. అందులో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. అలాంటి ప్రకటనలు మీ దగ్గరికి వస్తే దయచేసి వేయకండి.

డబ్బు లేదంటారేమో. 2025లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. అమ్మకాల సంగతి వదిలేయండి, ఈ దరఖాస్తుల డబ్బులోంచే మండలానికి ఒక కౌన్సెలర్‌ని పెట్టొచ్చు. ఇంటికొచ్చినవాణ్ని మొదటి మూడు నెలలు వారం వారం, ఆ తర్వాత ఏడాది దాకా నెల నెలా కలవడం అతని పని. దయచేసి దీన్ని కూడా ఆశా కార్యకర్తల నెత్తిన పెట్టొద్దు, వాళ్ల మీద ఇప్పటికే ఉన్నది చాలు. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. ఆ ఒక్కణ్నైనా నిలబెట్టుకోవద్దా?

ఇళ్లలో మనం చేసేదీ ఏమంత బాగా లేదు. పిల్లల మీద ఒట్టు వేయించుకుంటాం, రోజూ సాయంత్రం నోరు వాసన చూస్తాం, ఒకసారి జారితే అంతా అయిపోయిందని వదిలేస్తాం. జారినవాణ్ని తిట్టకుండా మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే దారిలో పడే అవకాశం ఎక్కువ.

మా తమ్ముడు మళ్లీ చికిత్స తీసుకుని వచ్చాడు. ఈసారి ప్రభుత్వాస్పత్రిలో. చీటీ మీద వచ్చే తేదీ రాసిచ్చారు, వెళ్తున్నాం. అయితే ఆ ఆస్పత్రి జిల్లా కేంద్రంలో ఉంది. వెళ్లిన ప్రతిసారీ అతనికి ఒక రోజు కూలి పోతోంది. అవే మాత్రలు మా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇప్పించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. అలాగే ప్రతి వైన్స్‌లో ధరల పట్టిక పక్కన, పర్మిట్ రూం గోడ మీద 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించాలని ఎక్సైజ్ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
సిద్దిపేట జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)